ఇన్సులిన్ స్రావము – వంశము వాటా ఎంత?

ఒక ఇంటిలో పదేండ్ల పిల్లవాడు ఉన్నట్టుండి చిక్కిపోవుచున్నాడు. చెంబుల కొలది నీళ్ళు త్రాగినను దాహము తీరదు. రాత్రి నాలుగైదుసార్లు మూత్రమునకు లేచును. వైద్యుడు రక్తము పరీక్షించి, ఇది మొదటి రకము మధుమేహమనియు, జీవితాంతము ఇన్సులిన్ సూది తప్పదనియు చెప్పును. ఆ మాట విని కొంత తేరుకొన్న పిమ్మట తల్లి అడుగు ప్రశ్న ఒకటి కలదు. "డాక్టరుగారూ, మా చిన్నదానికి కూడా వస్తుందా అండీ?" ఇంటికి చేరిన తరువాత పెద్దల నోట మరియొక ప్రశ్న వెలువడును. "మా వైపు ఎవరికీ లేదే! ఇది ఎవరి వంశం నుంచి వచ్చింది?"

మొదటి ప్రశ్నను శాస్త్రజ్ఞులు కూడ దాదాపు నూరేండ్లుగా తమకు తాము వేసికొనుచున్నారు. రోగి తోబుట్టువులు పైకి ఆరోగ్యముగానే ఉందురు. కాని వారి శరీరములో ఇన్సులిన్ స్రవించు శక్తి ఇతరులతో సమానముగ ఉన్నదా? తక్కువగ ఉన్నచో అది పుట్టుకతో వచ్చిన లోపమా, లేక లోపల అప్పుడే మొదలైన రోగమునకు గుర్తా? ఈ విషయము తేలుటకు జరిగిన కృషియే ఈ వ్యాసమునకు వస్తువు. రెండవ ప్రశ్నకు జవాబు చివరకు దానంతట అదియే దొరకును.

పూర్వుల పరిశీలన

మధుమేహము మన దేశమునకు క్రొత్త కాదు. సుశ్రుతసంహితలో ప్రమేహము రెండు విధములుగ చెప్పబడినది. ఒకటి సహజము, అనగా తల్లిదండ్రుల బీజదోషమువలన కలుగునది. రెండవది అపథ్యమువలన కలుగునది. మొదటి దానిలో రోగి కృశించి, దాహముతో బాధపడును. రెండవ దానిలో రోగి స్థూలకాయుడై, తిండిపై మక్కువ కలిగి ఉండును. నేటి రెండు రకములకు ఇవి సరిగా అచ్చుపోసినట్లు ఉన్నవని అనలేము. కాని ఒకే పేరుగల వ్యాధిలో రెండు తీరులు కలవనియు, అందొకదానిలో వంశమునకు సంబంధమున్నదనియు పూర్వులు గమనించిరనుట నిజము.

ఆధునిక శాస్త్రములో ఈ కథ 1869లో బెర్లినులో మొదలగును. పాల్ లాంగర్‌హాన్స్ అను వైద్యవిద్యార్థి క్లోమమును సూక్ష్మదర్శినితో పరీక్షించుచు, అందులో అక్కడక్కడ దీవులవలె నున్న కణముల గుంపులను చూచెను. వాటి పని ఏమో అతనికి తెలియదు. 1889లో స్ట్రాస్‌బర్గులో ఫాన్ మేరింగ్, మింకోవ్‌స్కీ అనువారు ఒక కుక్క క్లోమమును తీసివేయగా, దానికి తీవ్రమైన మధుమేహము కలిగెను. 1921 వేసవిలో టొరాంటోలో మాక్లియాడ్ ప్రయోగశాలయందు బాంటింగ్, బెస్ట్ క్లోమమునుండి రసము తీయ నారంభించిరి. దానిని శుద్ధిచేయుటలో కోలిప్ తోడ్పడెను. 1922 జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునికి ఆ రసము ఎక్కించిరి. మొదటి సూది అంతగా పనిచేయలేదు. మరింత శుద్ధిచేసిన రసముతో జనవరి 23న తిరిగి చికిత్స ప్రారంభించగా, చావునకు సిద్ధమై యున్న బాలుడు కోలుకొనెను. అంతకుముందు ఈ రోగము వచ్చిన పిల్లలు ఎక్కువ కాలము బ్రతుకుట అరుదు. వారు బ్రతుకజొచ్చిన తరువాతనే వారి కుటుంబములను గూర్చి ఏండ్లతరబడి పరిశీలించుటకు వీలు కలిగెను.

1933లో అమెరికాలో గ్రెగొరీ పింకస్, ప్రిస్సిల్లా వైట్ అనువారు రోగుల కుటుంబముల లెక్కలు తీసి, మధుమేహము మెండెల్ చెప్పిన సూత్రముల ప్రకారము సంక్రమించు అంతర్గత లక్షణమని సూచించిరి. బఠాణీ మొక్కల పొట్టి పొడుగుల వలె ఒకే జన్యువుతో ఈ లెక్క తేలునని వారి ఆశ. కాని ఇతరులు తీసిన లెక్కలు దీనితో పొసగలేదు. జేమ్స్ నీల్ అను జన్యుశాస్త్రజ్ఞుడు మధుమేహమును జన్యుశాస్త్రజ్ఞుని పాలిటి పీడకలగా వర్ణించెను. లెక్క తప్పుటకు ముఖ్యకారణము మరియొకటి కలదు. రెండు వేరు వేరు వ్యాధులను ఒకే సంచిలో వేసి వారు లెక్కించుచుండిరి. కొందరు రోగులు ఇన్సులినునకు చక్కగా లొంగుదురనియు, కొందరు అంతగా లొంగరనియు 1936లోనే లండనులో హారొల్డ్ హిమ్స్‌వర్త్ చూపెను. అయినను ఆ భేదము వంశపు లెక్కలలోనికి రావడానికి మరి నలుబది ఏండ్లు పట్టెను.

కొలుచుటకు కొలబద్ద

ఇన్సులిన్ స్రావమును గూర్చి మాట్లాడవలెనన్న ముందు దానిని కొలువవలెను. రక్తములో అది యుండు పరిమాణము మిక్కిలి స్వల్పము. సామాన్య రసాయన పరీక్షలకు అది అందదు. 1960లో న్యూయార్కులో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ అనువారు రేడియోధార్మికత గల ఇన్సులినును, ఇన్సులినుపై పుట్టిన ప్రతిరక్షకములను ఉపయోగించి, రక్తములోని ఇన్సులినును లెక్కించు పద్ధతిని ప్రకటించిరి. బెర్సన్ 1972లో మరణించెను. 1977లో నోబెల్ బహుమానము యాలోకు లభించెను.

1967లో చికాగోలో డొనాల్డ్ స్టైనర్ మరియొక విషయమును కనుగొనెను. బీటా కణములు మొదట ఒక పెద్ద అణువును తయారుచేసి, దానిని కత్తిరించి ఇన్సులినుగ మార్చును. ఆ కత్తిరింపులో మిగులు ముక్కకు సి-పెప్టైడ్ అని పేరు. ఒక్కొక్క ఇన్సులిన్ అణువునకు ఒక్కొక్క సి-పెప్టైడ్ వెలువడును. సూదిమందులో అది ఉండదు. కావున దానిని కొలిచినచో, రోగి సూది వేసికొనుచున్నను, అతని సొంత క్లోమము ఎంత పనిచేయుచున్నదో తెలియును.

1968లో కరీ, బెన్నెట్, గ్రాడ్‌స్కీ అనువారు ఎలుక క్లోమముపై ప్రయోగములు చేసి, చక్కెర తగులగానే ఇన్సులిన్ రెండు విడతలుగ వెలువడునని చూపిరి. ఇది మన ఇండ్లలో చూచునదే. ఎండవేళ అతిథి వచ్చినచో, ఇల్లాలు కుండలో సిద్ధముగ నున్న మజ్జిగ ముందుగా ఇచ్చును. పిమ్మట పొయ్యి వెలిగించి వంట మొదలుపెట్టును. బీటా కణములు కూడ అట్లే. ముందే తయారై కణికలలో నిలువయున్న ఇన్సులినును కొద్ది నిమిషములలో విడుచుట మొదటి విడత. క్రొత్తదానిని తయారుచేయుచు, నిలువను తెచ్చుచు మెల్లగా విడుచుట రెండవ విడత. సిరలోనికి చక్కెర ఎక్కించి, ఒకటవ నిమిషమునను మూడవ నిమిషమునను రక్తము తీసి ఇన్సులినును కొలిచినచో, మొదటి విడత బలము తెలియును. ఇంటిలో నిండుకొన్న సంగతి మజ్జిగ కుండయే ముందుగా చెప్పినట్లు, బీటా కణములు తగ్గుచున్న సంగతిని ఈ మొదటి విడతయే ముందుగా చెప్పును.

ఈ కొలబద్ద చేతికి రాగానే స్టాక్‌హోములో సెరాసీ, లుఫ్ట్ అనువారు ఆరోగ్యవంతులకు చక్కెర ఎక్కించి చూచిరి. ఏ వ్యాధియు లేనివారిలో సైతము కొందరికి ఇన్సులిన్ స్రావము మందముగ నుండెను. ఈ మందకొడితనము వంశములో వచ్చునదనియు, వయస్సు, స్థూలత్వము వంటివి దానికి తోడైనపుడు మధుమేహము కలుగుననియు 1967లో వారు వాదించిరి. వారసత్వముగ వచ్చినదేది, పైనుండి చేరినదేది అని విడదీసి అడిగిన ఆ ప్రశ్న చాల విలువైనది. కాని పిల్లలకు వచ్చు మధుమేహము విషయములో జవాబు మరియొక దిక్కునుండి రావలసి యుండెను.

దోపిడి జాడలు

1965లో బ్రస్సెల్సులో విల్లీ గెప్ట్స్ అను రోగశాస్త్రజ్ఞుడు, వ్యాధి బయటపడిన కొద్దికాలములోనే మరణించిన 22 మంది రోగుల క్లోమములను పరీక్షించెను. అందు 15 మందిలో లాంగర్‌హాన్స్ పుటికలయందు తెల్లకణములు చొరబడియుండెను. బీటా కణములు మందముగ పనిచేయుట కాదు, అవి నాశనమగుచున్నవి! 1974లో లండనులో బొటాజో, ఫ్లోరిన్-క్రిస్టెన్‌సెన్, డోనియాక్ అనువారు కొందరు రోగుల రక్తములో ఈ పుటికలకు విరుద్ధమైన ప్రతిరక్షకములను కనుగొనిరి. శరీరమును కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థయే సొంత కణములను శత్రువులుగ భావించుచున్నదని దీనివలన తేలెను. కంచెయే చేను మేసినట్లయ్యెను.

అదే కాలమున జన్యువుల వైపు నుండి కూడ సాక్ష్యము దొరికెను. మన కణములపై నుండి, ఇది నాది, ఇది పరాయిది అని తెలుపు గుర్తులకు హెచ్.ఎల్.ఏ. అని పేరు. వీటి జన్యువులు ఆరవ క్రోమోసోముపై కలవు. ఈ గుర్తులలో కొన్ని మొదటి రకము రోగులలో ఎక్కువగ కనబడునని 1973, 1974 సంవత్సరములలో కెనడాలో సింగాల్, బ్లాచ్‌మన్, డెన్మార్కులో నెరూప్, ఇంగ్లండులో కడ్‌వర్త్, వుడ్రో చూపిరి. పెద్దవారికి వచ్చు రెండవ రకములో ఈ సంబంధము లేదు. దీనితో ఒకే సంచిలో నున్న రెండు వ్యాధులు వేరైనవి.

కవలల పరిశీలన కూడ ఇదియే చెప్పెను. లండనులో డేవిడ్ పైక్, అతని సహచరులు ఏకరూప కవలలను వెదకి వెదకి లెక్కలు తీసిరి. వారి బృందము 1981లో ప్రకటించిన 200 జంటలలో రెండవ రకమువారు 53 జంటలు. అందు 48 జంటలలో ఇద్దరికిని వ్యాధి కలదు. ఇన్సులిన్ తప్పనిసరియైనవారు 147 జంటలు. అందు 80 జంటలలో మాత్రమే ఇద్దరికిని కలదు. ఇద్దరికిని వ్యాధియున్న జంట వైద్యుని దృష్టికి సులువుగా వచ్చును గనుక ఈ అంకెలు కొంత హెచ్చుగా ఉండవచ్చును. అయినను, జన్యువులన్నియు ఒక్కటే అయిన 67 జంటలలో అప్పటికి ఒకరికి వ్యాధి యుండి మరియొకరికి లేదు. కావున మొదటి రకములో జన్యువులు నేలను దున్నియుంచును. విత్తనము మరియొక చోటునుండి పడవలెను.

ఆరోగ్యముగ నున్న తోబుట్టువులు

వ్యాధి బయటపడినపుడు దాహము, నీరసము కొద్దివారములలో ముంచుకొని వచ్చును. అందుచేత ఇది హఠాత్తుగా వచ్చు జబ్బని అందరును నమ్మిరి. ఈ నమ్మకమును రోగుల బంధువులే మార్చిరి. 1978లో కడ్‌వర్త్ లండనులోని సెయింట్ బార్తొలోమ్యూ వైద్యశాలనుండి విండ్సర్ ప్రాంతపు కుటుంబముల పరిశీలన ప్రారంభించెను. రోగుల తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్ర రక్తమును మరల మరల తీసి దాచిరి. తరువాత వ్యాధికి లోనైనవారి పాత నమూనాలను పరీక్షించగా, ఏండ్లకు ముందే వాటిలో ప్రతిరక్షకములు కనబడెను. ఈ సంగతిని 1981లో గోర్సచ్, అతని సహచరులు ప్రకటించిరి.

బోస్టనులోని జోస్లిన్ కేంద్రములో శ్రీకాంత, ఐసెన్‌బార్త్, సోల్డ్‌నర్ మొదలైనవారు మరియొక మెట్టు ఎక్కిరి. వ్యాధి లేని కవలలను, ఒకే కాన్పులో పుట్టిన ముగ్గురిలో మిగిలినవారిని ఏండ్ల తరబడి కనిపెట్టియుండి, 1983లో తమ ఫలితములను వెల్లడించిరి. ప్రతిరక్షకములున్నవారిలో ఇన్సులిన్ మొదటి విడత ఏడాదికేడాది తగ్గుచు వచ్చి, పూర్తిగా అణగిన పిమ్మట మధుమేహము బయటపడెను. వ్యాధి పైకి కనిపించు దినము కథకు ఆరంభము కాదు, దాదాపు ముగింపు.

అయినచో తోబుట్టువులలో తక్కువ స్రావమున్న ప్రతివారును ఆ త్రోవలోనే ఉన్నారా? ఇచ్చట కథ చిక్కుపడును. తల్లినుండి ఒక హెచ్.ఎల్.ఏ. కట్ట, తండ్రినుండి ఒక కట్ట బిడ్డకు సంక్రమించును. కనుక ఇద్దరు తోబుట్టువులకు రెండు కట్టలును ఒకటే అగుటకు నాలుగింట ఒక వంతు అవకాశము కలదు. ఇట్లు రోగితో రెండు కట్టలును కలిసిన తోబుట్టువులను 1982లో సియాటిల్ నగరములో పామర్ బృందము పరీక్షించి, మధుమేహము లేకున్నను వారి బీటా కణముల పనిలో లోపము కలదని చెప్పెను. 1987లో లండనులోని కవలల బృందము మరింత ముఖ్యమైన సంగతి చెప్పెను. వ్యాధి రాక నిలిచిపోయిన ఏకరూప కవలలలో కూడ ఇన్సులిన్ స్రావము సామాన్యులకంటె తక్కువగ నుండవచ్చును. ఆ లోపము మధుమేహమునకు దారి తీయకనే అట్లే ఆగిపోవచ్చును.

అందుచేత ఒక్కసారి కొలిచి, తక్కువ యున్నది గనుక రోగము తప్పదని చెప్పరాదు. తక్కువగ ఉండుట వేరు, తగ్గుచుండుట వేరు. ఏటి నీరు ఈనాడు ఎంత లోతున్నదనుటకంటె, నిన్నటికంటె తీయుచున్నదా, నిలకడగ ఉన్నదా అను విషయమే ముఖ్యము. ప్రతిరక్షకములు ఉండి, మొదటి విడత తగ్గుచుండుటయే నిజమైన ప్రమాదసూచన.

ఇన్సులిన్ జన్యువే నేరస్థుడా?

స్రావములో లోపమున్నపుడు ఇన్సులిన్ జన్యువునే అనుమానించుట సహజము. 1980లో మానవ ఇన్సులిన్ జన్యువు వరుసను చదివిరి. అది పదునొకండవ క్రోమోసోముపై కలదు. ఆ జన్యువునకు ముందు ఒక చిన్న వరుస పలుమార్లు తిరిగి తిరిగి వచ్చును. కొందరిలో ఈ భాగము పొట్టిగను, కొందరిలో పొడుగుగను ఉండును. పొట్టి రూపము మొదటి రకము రోగులలో ఎక్కువగ నుండునని 1984లో బెల్, అతని సహచరులు చూపిరి. పొట్టి రూపమున్నవారు ఇన్సులిన్ తక్కువ తయారుచేయుదురేమో యని ఎవరికైనను తోచును. కాని పరీక్షించి చూడగా క్లోమములో జరుగునది దాదాపు దానికి విరుద్ధము. పొడుగు రూపమే అచ్చట కొంచెము తక్కువ ఉత్పత్తి చేయును!

ఈ చిక్కుముడి 1997లో వీడెను. పుగ్లియేసే బృందము, వాఫియాడిస్ బృందము వేరు వేరుగ ఒకే సంగతిని చూపిరి. రొమ్ములో థైమస్ అను గ్రంథి కలదు. తెల్లకణములలో ఒక తెగకు అది గురుకులము వంటిది. తనవారెవరో పరాయివారెవరో పోల్చుకొను పాఠము అవి అచ్చట నేర్చును. ఆ పాఠము కొరకు థైమసులో కూడ కొద్దిగ ఇన్సులిన్ తయారగును. పొడుగు రూపమున్నవారి థైమసులో అది రెండు మూడు రెట్లు ఎక్కువ. కనుక వారి తెల్లకణములు ఇన్సులినును తమ వస్తువుగ చక్కగా గుర్తించును. పొట్టి రూపమున్నవారిలో ఆ పాఠము కొంత కొరవడును. సాక్షాత్తు ఇన్సులిన్ జన్యువులోని భేదము కూడ స్రావముపైగాక, రోగనిరోధక వ్యవస్థ చదువుపై పనిచేయుచున్నదన్నమాట. ఈనాటికి ఈ వ్యాధితో సంబంధమున్న జన్యుస్థానములు యాబదికి పైగా తెలిసినవి. వాటిలో పెక్కు ఆ వ్యవస్థకు చెందినవే. అందు హెచ్.ఎల్.ఏ. వాటాయే అన్నిటికంటె పెద్దది.

తెలిసినందువలన లాభమేమి?

ముందుగా తెలిసియు ఆపలేనిచో, ఆ తెలివి కుటుంబమునకు భారమే. ఈ విమర్శ మొదటినుండియు ఉన్నది. అమెరికాలో 1994లో ప్రారంభమైన ఒక గొప్ప పరిశోధనలో 84,228 మంది బంధువులను పరీక్షించిరి. 3,152 మందిలో ప్రతిరక్షకములు కనబడెను. అందులో ఐదేండ్లలో వ్యాధి వచ్చు అవకాశము సగమునకు మించిన 339 మందిని రెండుగ విభజించి, ఒక భాగమునకు ముందుగానే కొద్ది మోతాదు ఇన్సులిన్ ఇచ్చిరి. 2002లో ఫలితము వెలువడెను. ఏడాదికి వ్యాధికి లోనైనవారు మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 15.1, పుచ్చుకొననివారిలో 14.6. అనగా ప్రయోజనము లేదు. అయినను ఎవరికి వ్యాధి రానున్నదో ముందుగ చెప్పుట సాధ్యమని ఆ అపజయమే నిరూపించెను.

2013లో 13,377 మంది పిల్లల లెక్కలు ప్రకటింపబడెను. రెండు గాని అంతకు మించి గాని ప్రతిరక్షకములు కలిగిన పిల్లలలో నూటికి 70 మందికి పదేండ్లలో మధుమేహము వచ్చెను. ఇట్టి బంధువులు 76 మందికి తెల్లకణముల దాడిని తగ్గించు టెప్లిజుమాబ్ అను మందును గాని, ఉత్త ద్రవమును గాని పదునాలుగు దినములు ఇచ్చి చూడగా, వ్యాధి బయటపడు మధ్యస్థకాలము మందు లేనివారిలో 24.4 నెలలు, మందు పుచ్చుకొన్నవారిలో 48.4 నెలలు. ఇది 2019 నాటి ఫలితము. 2022 నవంబరులో అమెరికా ప్రభుత్వము ఈ మందును అనుమతించెను. రెండేండ్లే కదా యని తీసివేయరాదు. ఎనిమిదేండ్ల పిల్లకు రెండేండ్లు సూది లేని బాల్యమనగా అల్పమైన వరము కాదు.

తల్లి ప్రశ్నకు జవాబు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఐరోపా సంతతివారి కుటుంబముల లెక్కల ప్రకారము, సామాన్య ప్రజలలో ఈ వ్యాధి వెయ్యిమందిలో సుమారు నలుగురికి వచ్చును. రోగి తోబుట్టువులలో నూటికి ఐదారుగురికి వచ్చును. మన దేశపు కుటుంబములకు ఈ అంకెలు అచ్చముగ వర్తింపకపోవచ్చును. కాని ధోరణి ఇదియే. "నీ చిన్నదానికి ఇతర పిల్లలకంటె అవకాశము ఎక్కువే తల్లీ, కాని నూటికి తొంబదికి పైగా రాదనియే చెప్పవచ్చును" అని వైద్యుడు నిజాయితీగా చెప్పగలడు. అతిదాహము, బరువు తగ్గుట, మరల పక్క తడుపుట వంటి గుర్తులు కనబడినచో ఆలసింపక రక్తపరీక్ష చేయించవలెను. ఈ ఒక్క జాగ్రత్తయే ఎందరో పిల్లల ప్రాణము కాపాడును.

ఇక రెండవ ప్రశ్న. మొదటి రకము రోగులలో నూటికి 85 మందికి పైగా దగ్గరి బంధువులలో ఈ వ్యాధి ఉన్నవారే లేరు. హెచ్.ఎల్.ఏ. కట్టలు తల్లివైపునుండి ఒకటి, తండ్రివైపునుండి ఒకటి వచ్చును. ప్రమాదపు గుర్తులున్నవారిలో కూడ చాలమందికి జీవితమంతయు ఏమియు కాదు. ఇరువైపుల మంచి మనుష్యులే పంచియిచ్చిన, ఎవ్వరి కంటికిని కనబడని చిన్న చిన్న భేదములు ఒకచోట కలిసి, వాటికి బయటి కారణమేదో తోడైనపుడు ఈ రోగము కలుగును. కావున కోడలిని గాని, ఆమె పుట్టింటిని గాని నిందించుటకు శాస్త్రములో చోటు లేదు. ఇన్సులిన్ వేసికొను ఆడపిల్ల సంగతిని పెండ్లివారికి తెలియకుండ దాచుటయు, ఆమె చెల్లెలి సంబంధము చెడునని భయపడుటయు ఈ అజ్ఞానపు ఫలములే.

తోబుట్టువు రక్తములో శాస్త్రజ్ఞులు వెదకినది వంశదోషమును కాదు; రోగమునకు అడ్డుపడుటకు చాలినంత వ్యవధిని. అది ఇప్పుడిప్పుడే దొరకుచున్నది.